గుణవృక్షకము

మన భాషలో 'కట్టు' అను మాట విచిత్రమైనది. ఇల్లును కట్టుదుము, పశువును కట్టుదుము. గుడిని కట్టుదుము, దొంగను కట్టుదుము. చీర కట్టుదురు, పుస్తె కట్టుదురు, గాయమునకు గుడ్డ కట్టుదురు, కన్నులకు గంతలు కట్టుదురు. నిలుపుటకును బంధించుటకును ఒకే మాట వాడిన మన పూర్వులు ఆ రెండు పనులకు గల భేదము నెరుగనివారని తలపజాలము. ఎరిగియే రెంటిని ఒకచోట నుంచిరని నాకు తోచును. 'కట్టుబాటు' అని విన్నంతనే ఈనాటి యువకుని ముఖము ముడుచుకొనును; అదే మాటకు వాని తాతగారి ముఖము వికసించును. ఒకరికది సంకెల, ఒకరికది గోడ. ఇరువురును ఒకే యింట, ఒకే పంక్తిని భుజించుచు, ఈ యొక్క మాటపై మాత్రము ఏండ్ల తరబడి పోట్లాడుకొనుచుందురు.

మనుష్యుని నిలుపు కట్టు ఏది? వానిని అణచు కట్టు ఏది? రెంటిని విడదీసి చూపు గుర్తు లేమైన కలవా? సంస్కరణమును గూర్చి నోరెత్తినవా డెవ్వడైనను ఈ ప్రశ్నను తప్పించుకొనజాలడు. అన్ని కట్లను తెంపుమనుట సులభము. ఒక్కటియు తెంపరాదనుట అంతకంటె సులభము. ఆ రెండు వాదములకును ఆలోచనతో పనిలేదు. పని యెల్ల నడుమనున్నది. ఆ నడిమి దారిని నేను ధర్మశాస్త్రములలో కొంత వెదకితిని, ఆంగ్లేయ తత్త్వవేత్తల గ్రంథములలో కొంత వెదకితిని. కాని నా యాలోచనకు ఒక రూపము కలిగినది పాత తెరచాప పడవయొకదానికి కొయ్య నిలుపుచుండగా చూచినప్పుడు.

హైదరాబాదునకును తెరచాపకును ఏమి సంబంధమని చదువరులు నవ్వవచ్చును. సముద్రము ఇక్కడికి సుమారు 200 మైళ్ల దూరమున నున్నది. మన నగరము దానికంటె 500 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. అయినను 16వ శతాబ్దిలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షాహి కాలమున త్రవ్వించిన హుస్సేన్‌సాగరమున నేడు తెరచాప పడవల పందెములు జరుగుచున్నవి. సైన్యమునకు చెందిన ఈ.ఎం.ఈ. సెయిలింగ్ అసోసియేషన్ సికింద్రాబాదున చిరకాలముగా ఈ విద్యను నేర్పుచున్నది. 2009లో స్థాపితమైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాదు బీదకుటుంబముల బాలబాలికలను సైతము చేరదీసి పడవ నడుప నేర్పుచున్నది. ఇక తెలుగువానికి ఓడ క్రొత్తదని యెవ్వరనగలరు? యజ్ఞశ్రీ శాతకర్ణి నాటివని చెప్పబడు సీసపు నాణెములపై రెండు కొయ్యల ఓడ ముద్రింపబడియున్నది. రాజు తన నాణెముపై దేనిని ముద్రించునో దానినిబట్టి అతడు దేనికి గర్వించెనో తెలియును.

నేను చెప్పు పడవ రాజులది కాదు. మా తార్నాకలో ఒక వృద్ధుడు కలడు. లాలాగూడ రైల్వే కార్ఖానాలో ఇనుముతో జీవితమంతయు గడిపి విశ్రాంతి తీసికొన్నవాడు. విశ్రాంతి ఆయనకు సరిపడలేదు. ఇద్దరి చేతులు మారిన పదునారడుగుల పడవ నొకదానిని కొని బండిమీద ఇంటి ముంగిటికి తెప్పించెను. దానితో పాటు ఇరువదియొక్క అడుగుల అల్యూమినియపు కొయ్య, మూడు ఉక్కుతీగలు, ఒక గోనెసంచి నిండ తాళ్లు వచ్చినవి. కొయ్య లోహమైనను దానిని కొయ్య యనియే వ్యవహరింతము. పనిని బట్టి పేరు నిలుచును గాని పదార్థమును బట్టి కాదు. ఏ తాడు ఎచ్చట కట్టవలెనో చెప్పు కాగిత మొక్కటియు రాలేదు. మొదటి యజమాని ఎవ్వరో తెలియదు. రెండవ యజమాని దూరదేశమున నున్నాడు.

ఇంటి ముంగిట కొయ్యను నిలుపుట పొసగలేదు. తార్నాక యన్నది ఒకప్పటి 'తార్‌నాకా' యనియు, తీగకంచె వేసిన కావలిచోటు కనుక ఆ పేరు వచ్చెననియు పెద్దలు చెప్పుదురు. నేడు ఆ తీగ నేలమీద లేదు గాని నెత్తిమీద నున్నది. మా వీధిలో తల యెత్తినచో విద్యుత్తీగలు, టెలిఫోను తీగలు, వాని మీద పిచ్చుకలకు మారుగా పావురములు. అల్యూమినియము విద్యుత్తును చక్కగా ప్రసరింపజేయును. కొయ్యను నిలువబెట్టునపుడు తలమీది తీగకు తగిలి ప్రాణములు కోల్పోయిన పడవవారు అనేక దేశములలో కలరు. నీటిలో మునుగుటను గూర్చి భయపడువారే గాని గట్టుమీది ఈ యపాయమును తలచువారు తక్కువ. రైల్వేలో విద్యుత్తీగల సంగతి యెరిగిన వృద్ధుడు మొదటనే ఆ యాలోచన మాని, విశ్వవిద్యాలయపు ఆవరణలో తీగలు లేని బయలును చూచుకొని, అనుమతి తీసికొని, పడవను అచ్చటికి తరలించెను. ఆయన మనుమరాలు అక్కడనే యంత్రశాస్త్రము చదువుచున్నది. ఆమె సహాధ్యాయులు నలుగురు తోడువచ్చిరి. పొరుగువాడను గనుక నేనును పోయితిని.

ఉస్మానియా ఆవరణలో నిలిచి కొయ్యను చూచువానికి ఒక పోలిక తప్పక తోచును. 1939లో ప్రారంభోత్సవము జరిగిన ఆర్ట్సు కళాశాల భవనము చెంతనే యున్నది. దాని స్తంభములు రాతివి. వానిని ఏ తాడును పట్టుకొని యుండలేదు. తమ బరువే తమకు స్థైర్యము. దొడ్డవి గనుక ఒరగవు. బరువైనవి గనుక కదలవు. స్వతంత్రముగా నిలుచుట యనగా ఇదియే గదా యని మనస్సు మోసపోవును. కాని అట్టి స్తంభమును పడవలో నుంచినచో పడవ స్తంభముతో కూడ అడుగునకు పోవును. పడవ సాగవలెనన్న కొయ్య తేలికగా నుండవలెను. సన్నమై, పొడవై, గాలిని పైన పట్టుకొనవలెను. అంత తేలికైనది తనంత తాను నిలువలేదు. దాని మొదలు అరచేయియంత. గాలి పూనినప్పుడు తెరచాప దానిని ఎంత బలముతో త్రోయునో చూచినవారికి తెలియును. కనుక దానిని ముందునుండి ఒక తీగ, ఇరుప్రక్కలనుండి రెండు తీగలు పట్టి లాగుచుండవలెను. ఒక్కొక్క తీగ దానిని పడద్రోయ జూచుచున్నట్లే యుండును. మూడును ఒక్కసారి లాగుటచేత అది నిలుచుచున్నది.

అమరకోశము బాల్యమున వల్లించినవారికి వారివర్గములో ఓడకొయ్యకు 'కూపకము' అనియు 'గుణవృక్షకము' అనియు పేళ్లున్నట్లు జ్ఞాపకముండును. గుణమనగా త్రాడు. త్రాళ్లు కట్టిన చెట్టు గుణవృక్షకము. ఓడకొయ్యకు పేరు పెట్టినవాడు దాని యెత్తును చూడలేదు, దానిమీది చాపను చూడలేదు. దానిని పట్టుకొన్న త్రాళ్లను చూచెను. ఆ గుణశబ్దమే మంచితనమునకును పేరు, వింటినారికిని పేరు. సాంఖ్యులు సత్త్వరజస్తమస్సులను గుణములనగా, అవి పురుషుని బంధించు త్రాళ్లని వ్యాఖ్యాతలు శ్లేషించిరి. ముప్పేట త్రాడును, మూడు తీగల కొయ్యను, గుణత్రయమును ఒకచోట కుప్పవేసి ఉపన్యాసము చెప్పుట నాబోటి పంతులకు సహజమే గాని, శ్లేషను సాగదీసినచో అదియు తెగును. ఆంగ్లేయులు ముందుతీగను 'స్టే' యందురు. ఆ మాటకు ఊత యనియు నర్థము. ప్రక్కతీగకు మాత్రము శవముపై కప్పు వస్త్రపు పేరే పెట్టుకొనిరి. ఒకే వస్తువులో ఊతను, ప్రేతవస్త్రమును కూడ చూచిన ఆ జాతి మన తగవును కొంత యెరిగినదే.

కొయ్యను నిలుపు తీరును కొంత విస్తరించి చెప్పవలెను. అది చూడనివారికి తక్కినది బోధపడదు. కొయ్య మొదటిని పడవ నడుమ నున్న మడతబందులో మేకుతో బిగించి, కొనను వెనుకకు వాల్చి పరుండబెట్టుదురు. ప్రక్కతీగలను ముందే తగిలించుదురు. ఒకడు ముందుతీగకు త్రాడు ముడివేసి పడవ ముక్కు ముందర నిలుచును. మరియొకడు కొయ్య క్రింద దూరి భుజమున నెత్తుకొని ముందునకు నడచును. బరువు మొదటనే అధికము. కొయ్య అడ్డముగా నున్నంతసేపు దాని భారమంతయు మోయువాని మీదనే పడును. లేచిన కొలది తగ్గును. నిట్టనిలువైనప్పుడు చిటికెనవ్రేలితో ఆపవచ్చును. విశేషమేమనగా, ముందు నిలిచి త్రాడు లాగువాని బలము మొదట నిరుపయోగము. కొయ్య పరుండియుండగా త్రాడు కొయ్య వెంబడియే పోవును గనుక, అతడు లాగినకొలది మొదలు బందులోనికి ఒత్తుకొనునే గాని కొన లేవదు. క్రిందినుండి చేతులతో కొంత యెత్తిన పిమ్మటనే త్రాడునకు పట్టు చిక్కును. పెద్ద పడవలవారు మొదటిచోట ఒక పొట్టి గడను నిలిపి దానిమీదుగా త్రాడును పోనిచ్చి ఈ కష్టమును తీర్చుకొందురు.

పాఠశాలలో ఇరువది యేండ్లు గడిపినవానికి ఇది క్రొత్త సంగతి కాదు. పరుండియున్న పిల్లవానిని క్రమశిక్షణ యను త్రాటితో ఎదుటనుండి లాగి లాగి, వాడు లేవలేదని కోపించు ఉపాధ్యాయులు లేకపోలేదు. వాని క్రిందకు ఎవ్వరును చేయి పోనీయరు. ఆకలిగొన్నవానికి, అక్షరము రానివానికి, మొదట కావలసినది భుజము, త్రాడు తరువాతిది.

కొయ్య సగము లేచిన పిమ్మట వేరొక భయము. ప్రక్కతీగల మొదళ్లు కొయ్య మొదటికి కొంచెము వెనుకగా నుండును గనుక, కొయ్య వెనుకకు వాలియున్నంతసేపు అవి వదులు. ఆ వదులులో కొయ్య కుడికో యెడమకో ఒరిగినచో మొదటి బందు విరుగును, లేదా క్రిందివాని తల పగులును. అందుచేత ఇరుప్రక్కల ఇద్దరు నిలిచి తీగలను చేత బట్టి సమముగా లాగుచుండవలెను. క్రింద మోయువానికి వారు కనబడరు. వారి కేకలే వానికి ఆధారము.

మొదటినాటి సాయంకాలము పని సగములో నుండగా ఒక సంగతి జరిగినది. ఎడమప్రక్క తీగను పట్టుకొనియున్న బాలిక గడియారము చూచి, తీగను విడువలేక, ఉండలేక, కంటనీరు పెట్టుకొన్నది. ఆమె నగరమున ఒక ప్రైవేటు వసతిగృహమున నుండును. ఏడుగంటలకు తలుపు వేయుదురు. వేసిన పిమ్మట వచ్చినచో తండ్రికి ఫోను పోవును. ఆ వీధిలోనే అదే యజమాని నడుపు మగపిల్లల వసతిగృహమునకు రాత్రి పదకొండు వరకు తలుపు లేదు. వృద్ధుడు ఒక్కమాట యనలేదు. కొయ్యను మెల్లగా దింపించెను. మరునాడు పగటిపూట పని మొదలుపెట్టుదమని చెప్పెను.

ఆ వసతిగృహపు యజమానిని అడిగినచో "ఆడపిల్లల క్షేమము కొరకే" యని చెప్పును. నేనది అబద్ధమనను. తల్లిదండ్రుల భయము నిజము, వీధులలోని దుష్టులు నిజము. కాని కొయ్యను చూచి నేను నేర్చిన మొదటి గుర్తు ఇచ్చటనే పనికివచ్చుచున్నది. నిలుపు కట్టునకు ఎదుటికట్టు తప్పక యుండును. ఎడమతీగ ఎంత బిగువో కుడితీగ అంత బిగువు. ఒక్కవైపుననే బిగించి రెండవవైపున వదలినచో కొయ్య వంగును. మరియు బిగించినచో ఆ కట్టే దానిని విరుచును. బాలికకు ఏడుగంటల తలుపు పెట్టి, ఆమెను భయపెట్టువానికి తలుపే లేకుండజేసిన కట్టుబాటు, నిలుపు తీగ కాజాలదు. వితంతువునకు మాత్రమే విధించిన నియమములు, అంటరానివారని వెలివేసిన వారికి మాత్రమే విధించిన దూరములు, ఇట్టి ఒంటిప్రక్క తీగలే. 2015లో ఢిల్లీ నగరపు విద్యార్థినులు 'పింజ్రా తోడ్' అను పేర వసతిగృహపు తలుపుల పైన ఉద్యమము లేవదీసినప్పుడు, కట్టుబాటే వలదనుచున్నారని కొందరు పెద్దలు నొచ్చుకొనిరి. వారి ప్రశ్నను తిన్నగా వినినచో, ఈ తీగకు ఎదుటితీగ యెచ్చట నున్నదని వారడిగిరి.

మరునాటి పగలు గోనెసంచిలోని త్రాళ్లమీద తగవు వచ్చినది. పడవకు అప్పటికే కట్టియున్న త్రాళ్లు కొన్ని, సంచిలోనివి కొన్ని. ముడులు ఎండకు ఎండి రాళ్లయినవి. మనుమరాలు కత్తి తెచ్చి, "తాతా, దేనికో తెలియని తాడు మనకెందుకు? అన్నీ కోసేస్తా, కొత్తగా కట్టుకుందాం" అన్నది. తాత, "కట్టినోడు పిచ్చోడా బిడ్డా? ఏదో కారణం లేకుండ ముడేస్తడా?" అన్నాడు. మన దేశమున నూరేండ్లకు పైగా సంస్కర్తలును సనాతనులును పత్రికలలో జరిపిన వాదమంతయు ఈ రెండు వాక్యములలో నిమిడినది. నేను మధ్యస్థుడనై యూరకుంటిని. మాటలు వచ్చినవాడు కోతకు దిగరాదు.

వారే దారి కనుగొనిరి. ఒక్కొక్క త్రాటిని చేతబట్టి, ఇది దేనిని లాగుచున్నది, ఇది లేకున్న ఏది పడును, అని చూడసాగిరి. కొన్ని త్రాళ్లు పడవను బండికి కట్టి తెచ్చునపుడు వేసినవి. ప్రయాణమున అవి లేకున్న పడవ దారిలోనే జారిపడెడిది. ప్రయాణము ముగిసిన పిమ్మట అవియే కొయ్యను లేవనీయవు. వానిని వేసినవాడు వెఱ్ఱివాడు కాడు. ఉంచుకొనువాడు మాత్రము నీటికి పోజాలడు. మన ఆచారములలో ఇట్టి దారిత్రాళ్లు ఎన్ని కలవో లెక్కపెట్టువారు లేరు. సముద్రయానము చేసినవాడు వెలి యనుట వానిలో నొకటి. అది ఏ దారిన ఏ భయముచే కట్టినదో గాని, శాతకర్ణి నాణెముపై ఓడను ముద్రించిన జాతి కాలికే ఆ ముడి పడినది.

వదులుగా వ్రేలాడు త్రాడెల్ల వ్యర్థమనుకొనుటయు పొరపాటే. పడవ నీటిలో సాగునపుడు గాలి ఎడమనుండి వీచినచో ఎడమతీగ వీణతంత్రివలె బిగియును. కుడితీగ వదులై ఊగులాడుచుండును. తెలియనివాడు దానిని చూచి, 'ఇది యేమియు మోయుటలేదు' అనును. పడవ తిరిగి గాలి కుడికి వచ్చిన నిమిషమున భారమంతయు దానిదే. ఆ నిమిషమునకు అది లేనిచో కొయ్య నీటిపాలు. ఆపద రానప్పుడు బంధువులు, వ్యాధి రానప్పుడు సేవాసంఘములు, నిరంకుశత్వము రానప్పుడు రాజ్యాంగములోని హక్కులు, అన్నియు వదులుతీగలవలె కనబడును. పనిచేయుట లేదని ఒక కట్టును కోయదలచినవాడు గాలి ఏవైపున నున్నదో ముందు చూచుకొనవలెను.

ఇక మూడు ఉక్కుతీగల సంగతి. అవి యుండి తీరవలసినవే యని తాతయు మనుమరాలును ఒప్పుకొనిరి. తాత పాతగుడ్డ నొకదానిని తీగ చుట్టును పట్టి పైనుండి క్రిందివరకు లాగెను. కుడితీగ అడుగున గుడ్డ తగులుకొన్నది. చూడగా, సన్నని పోగులు రెండు తెగి ముండ్లవలె లేచియున్నవి. తీగ అల్లిక చెదరలేదు, మెరుపు తగ్గలేదు. లోహపు గొట్టములో దూరుచోట మాత్రము లోపల తుప్పు పట్టినది. ఇట్టి తీగ నాలుగు దినములు నిలుచును, అయిదవనాడు గాలిలో తెగును. తాత దానిని తీసివేసి అదే కొలతకు క్రొత్తతీగ చేయించెను. అప్పుడు మనుమరాలు నవ్వి, "అయితే కోసినట్టేగా తాతా!" అన్నది. "కోసింది తీగెను, కట్టును కాదు" అని ఆయన బదులు చెప్పెను.

ఈ భేదము సంస్కర్తలకు అత్యవసరము. వృద్ధులను పోషించుట యొక కట్టు. దానిని ఇన్నాళ్లు మోసిన తీగ కోడలి మౌనశ్రమ. ఆ తీగ లోపల తుప్పుపట్టినది. దానిని పాతదని పొగడుచు బిగించినచో ఒకనాడు తెగి తీరును. తీగతో పాటు కట్టునే విడిచినచో వృద్ధుడు వీధిని పడును. కొడుకు చేతులు, ప్రభుత్వపు పింఛను, వైద్యశాల, వీనితో క్రొత్తతీగ పేనవలసియున్నది. పేనుట కోయుటకంటె ఆలస్యమైన పని; అందు కీర్తియు తక్కువ.

త్రాళ్లు లేకయే నిలుచు కొయ్యలు లేవా యని తెలిసినవారడుగవచ్చును. కలవు. హుస్సేన్‌సాగరమున పిల్లలు నేర్చు 'ఆప్టిమిస్ట్' అను చిన్నపడవ యున్నది. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనునతడు దీనిని కల్పించెను. పొడవు ఎనిమిదడుగులకు లోపు. దాని కొయ్యకు ఒక్క తీగయైన లేదు. బ్రూస్ కిర్బీ కల్పించిన 'లేజర్' పడవయు నట్టిదే. పందెములవారికి ఇవి మిక్కిలి ప్రియమైనవి. పైకి చూచువానికి, ఇదిగో స్వయంసిద్ధుడని పొగడవలెనని తోచును. వంగి చూచినచో కొయ్య మొదలు పడవ గర్భములోని లోతైన గూటిలో దూరియున్నది. పైన బల్ల యొకచోట, అడుగున గూడు ఒకచోట దానిని గట్టిగ పట్టుకొని యున్నవి. అచ్చటను కట్టు కలదు, కనబడదు, అంతియే.

"నేనెవ్వరి సాయమును లేకుండ పైకివచ్చితిని" అను పెద్దమనుష్యులు మన తార్నాకలో వీధికి నలుగురు కలరు. వారి యుద్యోగమును, మేడను చూచి నేనును సంతోషింతును. కాని వారి మొదలు ఏ గూటిలో నున్నదో వంగి చూచుటకు వారొప్పుకొనరు. అక్షరములెరిగిన తల్లి, పొలముగల తండ్రి, పట్టణమున అన్నము పెట్టిన మేనమామ, అడుగకయే తలుపు తెరచిన కులము, వేకువజామున లేచి క్యారియరు కట్టిన భార్య, ఇవి యన్నియు గూడు. ఆ గూడు లేనివాడు పైకి కనబడు తీగలతో, అనగా ఉపకారవేతనముతో, సంక్షేమ వసతిగృహముతో, రిజర్వేషనుతో నిలుచును. అప్పుడు గూటిలోనివాడు తీగలవానిని చూచి, "వీడు తనంత తాను నిలువలేడు" అని నవ్వును. ఈ నవ్వుకంటె అన్యాయమైనది నాకు కనబడలేదు.

ఈ విశ్వవిద్యాలయపు చరిత్రలోనే కట్టు తెంపుకొనినవారి కథయొకటి యున్నది. 1938లో ఉస్మానియా వసతిగృహములలో వందేమాతరము పాడరాదని నిషేధింపగా విద్యార్థులు లోబడలేదు. పలువురు బహిష్కృతులైరి. నిజాము రాజ్యమున వారికి చదువు దొరకకుండెను. ఆ ఘట్టమును మనము సాహసకథగా చెప్పుకొందుము, చెప్పుకొనదగినదే. కాని తెంపుకొనిన మరునాడు వారేమైరి? నాగపూరు విశ్వవిద్యాలయము వారిని చేర్చుకొన్నది. ఆ యుద్యమమున పాల్గొని నాగపూరున చదువు సాగించినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు, 1991లో ఆయన ఈ దేశమునకు ప్రధానమంత్రి యయ్యెను. నాగపూరు తలుపు తెరవనిచో ఆ సాహసవంతులలో ఎందరు నడిదారిని ఒరిగిపోయెడివారో! తెంపుమని బోధించు ప్రతివాడును తన వాకిట ఒక నాగపూరును సిద్ధముగా నుంచుకొనవలెను. భర్త కొట్టుచున్నాడని వచ్చిన చెల్లెలికి, "బయటికి రా" యని ఉపదేశించి తన యింట ఒక గది చూపనివాని సంస్కరణము వట్టి నోటిమాట.

పోలికకు మేర యున్నదని నేనెరుగుదును. కొయ్యకు బాధ లేదు, ఇచ్ఛ లేదు. తనను పట్టుకొన్న తీగను అది ప్రశ్నింపదు. మనుష్యునికి తన కట్టును తడవి చూచుకొను అధికారము కావలెను; నిలుపుచున్నదను నెపమున ఆ యధికారమును తీసివేసినచో వాడు కొయ్యయే యగును. పడవలు చేయువారు ఈ సంగతిని వేరొక విధమున గుర్తించినట్లున్నారు. ప్రతి తీగ చివరను ఒక చిన్న మేకు ఉండును. దానికి అడ్డముగా గుండ్రని కమ్మి దూర్చియుందురు, గాలిలో తనంత తాను ఊడిపోకుండుటకు. కావలసినప్పుడు మాత్రము వ్రేళ్లతో తీయవచ్చును. కొయ్యను దింపవలసిన దినము వచ్చునని తెలిసియే నిలుపుదురు. తుపానులో, వంతెన క్రింద, ఇంటికి పోవునపుడు దింపుదురు. 1955నాటి హిందూ వివాహచట్టము విడాకులకు అవకాశము కల్పించినప్పుడు, సంసారములన్నియు కూలిపోవునని గగ్గోలు పెట్టినవారు కలరు. తీయదగిన మేకు ఉన్నంత మాత్రమున తీగ వదులగునా? తీయుటకు వీలులేని మేకు పెట్టిన పడవనే తెలిసినవాడు నమ్మడు.

రెండవనాడు మధ్యాహ్నమునకు కొయ్య లేచినది. ఎడమతీగను మొదటినాటి బాలికయే పట్టుకొన్నది. క్రింద భుజము పెట్టినది మనుమరాలు. తాత ముందు నిలిచి త్రాడు లాగెను. ఇరుప్రక్కలవారు "ఎడమకు, ఎడమకు, చాలు" అని కేకవేయుచుండ, ఆమె తలయెత్తి చూడకయే అడుగులు వేసెను. మేకులు దిగిన పిమ్మట తీగలను వ్రేలితో మీటి ధ్వని పోల్చిచూచి బిగువును సరిచేసిరి.

సంచిలోని త్రాళ్లలో దారిత్రాళ్లను విడిగా చుట్టి బండికి కట్టిరి. చీకిపోయినవి రెండు పారవేసిరి. ఎరుపు నీలము పోగులు కలిసిన సన్నని త్రాడొకటి మిగిలినది. దాని యుపయోగ మెవ్వరికిని తోచలేదు. మనుమరాలు దానిని కోయలేదు, కట్టను లేదు. చుట్టచుట్టి పడవ ముక్కులోని అరలో పెట్టినది. తరువాత ప్రతి తీగకును ఒక అట్టముక్క కట్టి, అది దేనిని పట్టునో, ఏ సంవత్సరము వేసినదో, తిరిగి ఎప్పుడు చూడవలెనో వ్రాసినది. "మనతోనే ఉంటదిగదా బిడ్డా, ఇదంత ఎవరికి?" అని తాత అడిగెను. "నాలుగో యజమానికి" అని చెప్పి, సన్నత్రాటి చుట్టకు కట్టిన అట్టముక్కమీద ఆమె ఒక ప్రశ్నార్థకము మాత్రము గీసినది.